ఏడో పిల్లరుకి తువ్వాలు కట్టినందుకు

ఆ ఊరి పేరు మాత్రం అడక్కండి. రాంబిల్లి దాటాక ఒక ఉప్పుటేరు, దాని మీద ఒక వంతెన, వంతెన కింద చేపలు. అంతవరకే చెబుతాను. పేరుతో సహా రాస్తే వచ్చే ఎండాకాలానికి మీరంతా గేలాలు పట్టుకుని దిగిపోతారు, నేను కూర్చునే చోట మీరు కూర్చుంటారు. నాకంత ఉదారబుద్ధి లేదు.

నా పేరు కొండబాబు. అనకాపల్లిలో బెల్లం వ్యాపారం. మా బజారులో నా మాటకి ఒక రేటుంది: నేను పది అన్నానంటే జనం నాలుగు వేసుకుంటారు. మీరూ అలాగే వేసుకుంటూ చదవండి, నాకు అభ్యంతరం లేదు. ఏడో పిల్లరు దగ్గర జరిగిన సంగతి మాత్రం తగ్గించకండి. దానికి ఊరంత సాక్ష్యముంది. ఆ సాక్షుల్లో ఒకడికి నేనంటే గిట్టదు కూడా.

ఈ ప్రయాణానికి మూలకారకుడు మా బావమరిది సూరిబాబు. హైస్కూల్లో లెక్కలు చెబుతాడు. వేసవి సెలవుల్లో లెక్కల మాస్టారికి చెయ్యడానికేమీ ఉండదు, అదే ప్రమాదం. ఫోన్లో ఎవరో దొరలు ప్లాస్టిక్ పడవలో కూర్చుని వంతెన స్తంభాల పక్కన చేపలు పట్టే వీడియోలు రాత్రింబవళ్ళు చూశాడు. చూసి ఊరుకోలేదు. మూతపడ్డ ఒక బీచి రిసార్టు వాళ్ళు పాత కయాక్ అమ్ముతుంటే, మా ఆవిడకి తెలియకుండా, అంటే వాడి సొంత అక్కకి తెలియకుండా, కొనేసి మా బెల్లం గోడౌన్లో పెట్టాడు. కయాక్ అంటే మరేం లేదు, పసుపు రంగు ప్లాస్టిక్ అరటిదొప్ప అనుకోండి. పన్నెండడుగుల పొడుగు. కూర్చోవడానికి రెండు గుంటలు, రెండు చివర్లా రెక్కలున్న తెడ్లు.

"పిల్లరు చుట్టూ ఆల్చిప్పలు పడతాయి బావా," అని నాకు పాఠం చెప్పాడు. "చిప్పల కోసం చిన్న చేపలు వత్తాయి. చిన్నవాటి కోసం పండుగప్ప వత్తాది. ఎండలో మనం బస్ షెల్టరు కిందకి పోతాం సూడు, అదీ అంతే. పిల్లరు నీడన ప్రవాహానికి అడ్డంగా నిలబడి కూకుంటాది."

"నిలబడతాదా, కూకుంటాదా?"

"నీకు సెప్పడం నా బుద్ధి తక్కువ."

గోడౌన్లో దిమ్మల వెనక పసుపు రంగు తోక కనబడి మా ఆవిడకి విషయం తెలిసిపోయింది. ఆవిడ ఒకే ప్రశ్న వేసింది. "మీ ఇద్దరికీ ఈతొచ్చేటి?" లైఫ్ జాకెట్లు ఉన్నాయన్నాను. "అయితే శవాలు తేల్తాయి, ఎతుక్కోనక్కర్లేదు," అని లోపలికి వెళ్ళిపోయింది. ఇదే మాకు అనుమతి.

మునగపాక దారిలో

కయాక్‌ని కారు మీద కట్టాం. ఎండకి ప్లాస్టిక్ పాడైపోతుందని సూరిబాబు దాని మీద తెల్ల పంచె కప్పి, ఎగిరిపోకుండా కొబ్బరితాళ్ళతో నాలుగుచోట్ల కట్టాడు. కట్టేటప్పుడు అది ఎలా కనబడుతుందో మాకు తట్టలేదు. మునగపాక దగ్గర ఎదురొచ్చిన సైకిలాయన దిగి, తలగుడ్డ తీసి, పక్కకి నిలబడినప్పుడు కొంచెం తట్టింది. రోడ్డు పక్క ముంజెలు కొడుతున్న ముసలమ్మ కత్తి కింద పెట్టి చేతులు జోడించింది. నేను కూడా జోడించాను, మర్యాద కదా.

అచ్యుతాపురం జంక్షన్లో ఇడ్లీ బండి దగ్గర ఆగాం. బండివాడు గొంతు బాగా తగ్గించి, "ఎవుల్ది బాబూ?" అన్నాడు.

"మాదే," అన్నాడు సూరిబాబు. "సెకండ్ హ్యాండు."

బండివాడు ముప్ఫై రూపాయల ప్లేటులో నాలుగిడ్లీలకి బదులు అయిదు వేశాడు, అడక్కుండా రెండోసారి చట్నీ పోశాడు. చావింటివాళ్ళకి మన జిల్లాలో ఇంత ఆదరణ ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. వచ్చేటప్పుడు కూడా పంచె కప్పుకునే వద్దామన్నాను.

ఎండ సంగతి చెప్పాలి. కరెంటు తీగ మీద కాకులు ఒక కాలు ఎత్తి ఒక కాలు దింపుకుంటున్నాయి. నమ్మకపోతే మీ ఇష్టం, నాలుగు వేసుకోమని ముందే చెప్పాను.

వంతెన కింద

మేం వెళ్ళింది సముద్రంలో బోట్ల వేటని సర్కారు ఆపేసే రోజుల్లో. చేపలు గుడ్లు పెట్టుకునే కాలమని ప్రతి ఎండాకాలం ఆపుతారు. ఊరి బోట్లన్నీ ఇసుకలో ముక్కులు పైకెత్తుకుని ఉన్నాయి. మగాళ్ళు నీడల్లో కూర్చుని వలలు కుడుతున్నారు. కాలి బొటనవేలికి వల తగిలించి, చేత్తో అల్లుతూ, నోటితో పక్కవాణ్ణి తిడుతూ, మూడు పనులూ ఒకేసారి. మేం పంచె విప్పి పసుపు పడవ దింపగానే మూడు పనులూ ఆగిపోయాయి.

"ఏటి బాబూ అది, నీళ్ళ టబ్బా?" అన్నాడొకడు.

"దొరలు దీంతోటే వేటాడతారు," అన్నాడు సూరిబాబు.

"దొరలు ఎల్లిపోయి శానా కాలమైంది కదా మాస్టారూ. మీకు సెప్పలేదేటి?"

నీళ్ళలోకి దిగాం. సూరిబాబు ముందు గుంటలో, నేను వెనక గుంటలో. ఏరు అప్పుడు పాటు మీద ఉంది, అంటే నీళ్ళు సముద్రంలోకి లాగుతున్నాయి. వాడు కుడివైపు తెడ్డు వేస్తే నేను ఎడమవైపు వేశాను. పడవ గుడి చుట్టూ తిరిగే భక్తుడిలా అక్కడక్కడే తిరిగి, తరవాత అడ్డంగా వెళ్ళి వంతెన మొదటి పిల్లరుని గుద్దింది. తిరగబడింది.

నీళ్ళ కింద ఏముంటుందో నేను చూశాను. ఏమీ ఉండదు, ఆకుపచ్చగా ఉంటుంది. పైకి తేలి, నాకొచ్చిన దేవతలందరినీ పేరుపేరునా కేకేశాను. వంతెన మీంచి చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని వెళుతున్న ఒకావిడ ఆగి, రెయిలింగు మీంచి తొంగి చూసి అరిచింది:

"ఓ బాబూ! నిలబడండి! నడుం లోతే!"

నిలబడ్డాం. నడుం లోతే.

ఆమె పేరు నూకాలు. తరవాత జరిగినదానికంతటికీ ఆమే కారణం, లేదా నేను కారణం. ఆమెనడిగితే నేనే అంటుంది.

అరుగు మీద అంబలి

చిప్పలు గీరుకుని నా మోచేయి చీరుకుపోయింది. నూకాలు మమ్మల్ని తన ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి పసుపు అద్దింది. అరుగు మీదే నులకమంచంలో ఆమె భర్త ఎల్లాజీ ఉన్నాడు, కుడికాలు తొడదాకా సిమెంటు కట్టు. ఇరవయ్యేళ్ళుగా సముద్రం మీద తిరిగిన మనిషి. తుఫానులో పడిపోయాడా అని అడిగాను.

ఎల్లాజీ గోడకేసి తిరిగాడు. నూకాలు జవాబు చెప్పింది. "రేషన్ డిపో మెట్ల మీద జారిపోనాడు బాబూ. ఉప్పుటేటికి ఉప్పెనొచ్చినా ఏటీ కానోడు, కిలో కందిపప్పు కోసమెల్లి ఇరగ్గొట్టుకున్నాడు."

"పదిమందికీ సెప్పు," అన్నాడు ఎల్లాజీ గోడతో.

స్టీలు చెంబుల్లో చోడంబలి, అంటే రాగి అంబలి ఇచ్చింది, నంజుకోవడానికి కాల్చిన ఎండు నెత్తళ్ళ చేపలు, పచ్చి ఉల్లిపాయ. ఎండలో దెబ్బ తిన్న ఒంటికి దానికి మించిన మందు నేనెరగను. పులుసు గురించి మాటొచ్చి, మా ఇళ్ళలో చేపల పులుసులో చిన్న బెల్లం ముక్క వేస్తామన్నాను. పక్కింటివాళ్ళు కూడా తలలు బయటపెట్టి నన్ను చూశారు. నూకాలు మెల్లగా, "ఎవులైనా జబ్బు పడితే ఏస్తారేటి?" అంది. ఆ ఊళ్ళో బెల్లం మాట నేను మళ్ళీ ఎత్తలేదు.

ఇంకో తేడా కూడా గమనించాను. మా బజారులో బేరం మగాళ్ళది; ఆడవాళ్ళు దుకాణంలోకి వస్తే మేం గొంతు మారుస్తాం. ఇక్కడ చేప నీళ్ళలో ఉన్నంతసేపే మగాడిది. ఒడ్డుకొచ్చాక ఆడవాళ్ళది. ధర వాళ్ళే చెబుతారు, డబ్బు వాళ్ళ రొంటినే ఉంటుంది. మగాడికి బీడీ కావాలన్నా దరఖాస్తు పెట్టుకోవాలి. సూరిబాబు ఇది చాలా అన్యాయమన్నాడు. వాడి జీతం ఎవరి చేతికి వెళుతుందో నాకు తెలుసు కనక నేను నవ్వాను.

రాత్రి ఊరి పెద్ద మసేను తాత వలల పాకలో పడుకోనిచ్చాడు. అంబలి, పసుపు, పాక అన్నీ ఇచ్చారు. పిల్లర్ల సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. వాళ్ళ తప్పు కాదు. మా బజారులోనూ ఎవరి దిమ్మ మీద ఎవరు చెయ్యి వెయ్యకూడదో కొత్తవాడికి ఎవరూ చెప్పరు. పుట్టుకతోనే తెలిసి ఉండాలన్నట్టు చూస్తారు.

గుడ్డ కట్టిన పిల్లరు

మర్నాడు పొద్దున్నే పోటు మీద బయలుదేరాం. ఈసారి సముద్రం నీళ్ళు ఏట్లోకి వస్తున్నాయి, పడవ కూడా మర్యాదగానే పోయింది. వంతెన కింద చల్లగా, గబ్బిలాల కంపుగా, మన పాత సినిమా హాలు లోపల ఉన్నట్టుంది. పైన లారీ వెళ్ళినప్పుడల్లా మట్టి రాలి నెత్తిన పడుతుంది.

అప్పుడు చూశాను. ప్రతి పిల్లరుకీ, నీళ్ళు తగలనంత ఎత్తులో, ఒక గుడ్డ కట్టి ఉంది. ఒకదానికి లుంగీ ముక్క, ఒకదానికి చీర అంచు, ఒకదానికి పాత తుండు. ఏడో పిల్లరుకి వెలిసిపోయిన ఎర్ర చీర పేలిక.

మా వైపు ఎక్కడైనా గుడ్డ ముడివేసి ఉంటే అది మొక్కు. మా అనకాపల్లి నూకాలమ్మ తల్లి గుడి దగ్గర ఎన్ని ముడులు చూడలేదు! ఇక్కడివాళ్ళు ఏటితల్లికి పిల్లరు పిల్లరుకీ మొక్కుకున్నారు కాబోలు అనుకున్నాను. భక్తి పొంగింది. నా మెడలోని తువ్వాలు తీసి, ఎర్ర పేలికకి పైన, గట్టిగా రెండు ముడులు వేశాను. "తల్లీ, ఒక్క పండుగప్ప ఇయ్యి. మా ఆవిడ ముందు మొహం నిలబెట్టు," అని దండం పెట్టాను. పడవ తాడు కూడా ఆ తువ్వాలుకే కట్టాను.

ఏటితల్లి ఇంత తొందరగా పలుకుతుందని తెలిస్తే ఇంకేదైనా అడిగేవాణ్ణి.

బతికున్న రొయ్యని గేలానికి గుచ్చి పిల్లరు నీడలోకి వదిలాను. అది అడుక్కి చేరనైనా లేదు. చేతిలో కర్ర వంగి నీళ్ళని ముద్దు పెట్టుకుంది. తువ్వాలు ముడి దగ్గర పడవ తాడు జారిపోయింది. ఆ చేప మమ్మల్ని ఏడో పిల్లరు చుట్టూ ఏడుసార్లు తిప్పింది. ఒకటిన్నరసారని సూరిబాబు అంటాడు, వాడు కళ్ళు మూసుకున్నాడు కనక వాడి లెక్క చెల్లదు. "గేలం తాడు ఒదిలీ బావా!" అని వాడు, "తెడ్డెయ్యరా!" అని నేను. చివరికి చేపే అలిసిపోయిందో, మా అరుపులు భరించలేకపోయిందో, పడవ పక్కన తెల్లటి పొట్ట చూపించింది. మొప్పల్లో చేతులు పెట్టి లోపలికి లాగాను. సూరిబాబు దాని మీద కూర్చున్నాడు. లెక్కల మాస్టారికి అంతకంటే ఉపాయం తట్టలేదు.

దాని బరువు చెప్పను, ఎందుకంటే అది రోజురోజుకీ పెరుగుతోంది. తల నా ఒళ్ళో ఉంటే తోక సూరిబాబు చంకలో ఉంది. అంతవరకు ప్రమాణం చేస్తాను.

అప్పుడే వంతెన మీంచి ఒక గొంతు వినబడింది. "సూడండర్రా! ఏడో పిల్లరుకి కొత్త గుడ్డ పడింది! పరాయోడు చేప తీసేడు!"

మెచ్చుకుంటున్నాడనుకుని చెయ్యి ఊపాను.

ఒడ్డున తగువు

ఒడ్డుకి చేరేసరికి సగం ఊరు అక్కడుంది. ఎవరూ చేపని చూడ్డం లేదు, నన్ను చూస్తున్నారు. చేపని కాదని నన్ను చూడ్డం నా జీవితంలో అదే మొదటిసారి.

పైనుంచి అరిచినవాడి పేరు దానయ్య. ఎల్లాజీ చిన్నాన్న కొడుకు. వాడు దుర్మార్గుడేమీ కాదు. ఇంట్లో అయిదుగురు తినేవాళ్ళు, వంతెన కింద వాడికి పిల్లరు లేదు. అది ఆ ఊళ్ళో చిన్న లోటు కాదని నాకు మసేను తాత చెబితేగాని తెలియలేదు.

తాతకి ఒక కన్ను సగం మూసి ఉంటుంది, తెరిచిన కన్నుకంటే ఆ మూసిన కన్నుతోనే ఎక్కువ చూస్తాడు. ఇసుకలో బోర్లించిన తెప్ప మీద కూర్చుని నాకు వివరంగా చెప్పాడు. వంతెన కట్టిన కాలం నుంచీ ఒక్కో పిల్లరు ఒక్కో ఇంటిది. ఇంటి గుర్తు గుడ్డ. సముద్రం మూసిన రోజుల్లో కూర ఆ పిల్లరు నీడనే దొరకాలి. ఏ ఇంటివాడైనా తన పిల్లరుని వదిలేసి ఉన్నప్పుడు, ఇంకొకడొచ్చి పైన గుడ్డ కట్టి చేప తీస్తే, ఆ పిల్లరు ఆ ఇంటి నుంచి పోయినట్టే. తీసినవాడు పరాయివాడైతే, పిల్లరు లేనివాళ్ళ వరుసలో ముందున్నవాడికి పోతుంది, అంటే దానయ్యకి.

"ఏడోది ఎల్లాజీది," అన్నాడు తాత. "కాలిరిగిన కాణ్ణుంచి ఆడు గేలమెయ్యలేదు. ఇపుడు నువ్వు గుడ్డ కట్టీసినావు, చేప తీసీసినావు."

"అది మొక్కనుకున్నాను తాతా."

"మొక్కేటి?"

"మా అనకాపల్లిలో గుడ్డ కడితే మొక్కు."

దానయ్య నవ్వాడు. "అమ్మోరు బాగా పలికింది బాబూ. నాకు వరమిచ్చింది."

నూకాలు అప్పుడొచ్చింది. పరుగెత్తుకు రాలేదు. బుట్ట కింద పెట్టి, కొంగు బిగించి, నడిచి వచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. "నిన్న నాను పసుపు రాసినది ఈ చేతికేనా బాబూ?" అంది. తరవాత దానయ్యకేసి తిరిగింది. "మీ అన్న మంచం మీదున్నాడని నీకు తెల్దేటి మరిదీ? బోట్లు దిగీదాకా మేవేటి తినాలి, ఇసకా?"

"నా ఇంట్లో ఇన్నేళ్ళూ ఏటి తిన్నాం వదినా? నీకూ తెల్సు కదా."

నలుగురు మనుషులు వెళ్ళి ఎల్లాజీని మంచంతో సహా మోసుకొచ్చారు. మంచం మీద పడుకుని తన పిల్లరుకేసి చూశాడు. నా తువ్వాలు గాలికి జెండాలా ఎగురుతోంది.

మసేను తాత గడ్డం గోక్కున్నాడు. "ఒక్క పిల్లరుకి రెండు గుడ్డలుంటే రెండే అర్తాలు. తగువన్నా అయ్యుండాలి, నేస్తవన్నా అయ్యుండాలి. ఎల్లాజీ నేస్తం తీసిన చేప ఎల్లాజీ తీసినట్టే. పిల్లరు కదల్దు." మూసిన కన్ను నా వైపు తిప్పాడు. "ఇంతకీ నువ్వెవులివి బాబూ?"

బెల్లం కరిగిన ఏరు

ఉత్తరాంధ్ర బయట చదివేవాళ్ళకి ఒక మాట. మా వైపు నేస్తమంటే టీ కొట్టు దగ్గర కలిసే స్నేహితుడు కాదు. నేస్తం కట్టుకుంటారు, పదిమంది ఎదురుగా, తాంబూలం మార్చుకుని, బట్టలు పెట్టుకుని. కులం వేరైనా, ఊరు వేరైనా, ఆ రోజు నుంచి చుట్టాలకంటే ఎక్కువ. ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు. నేస్తం భార్య తోబుట్టువుతో సమానం. పెళ్ళికి పిలుపు, చావుకి కబురు, కష్టానికి మనిషి తప్పకూడదు.

నేను నూకాలు మొహం చూశాను. నా నాలుక నన్నడక్కుండానే కదిలింది.

"మా తాతా, ఎల్లాజీ వాళ్ళ తాతా నేస్తాలు," అన్నాను.

సూరిబాబు తల పట్టుకున్నాడు. నేను అందుకున్నాను. వంతెన లేని రోజుల్లో మా తాత బెల్లం బళ్ళతో ఈ ఏరు దాటుతున్నాడు. పోటు వచ్చింది. ఎడ్లు మునిగాయి. ఎల్లాజీ తాత తెప్ప వేసుకుని ఒంటిచేత్తో ఎడ్లనీ, మా తాతనీ లాగాడు. బెల్లం మాత్రం దక్కలేదు. అంతా ఏట్లో కరిగిపోయి, ఈ ఏరు మూడు రోజులు తియ్యగా పారింది. ఆ మూడు రోజుల్లో పడ్డ చేపలకి ఉప్పూ కారం ఎంత వేసినా పాయసంలాగే ఉన్నాయట. ఆ ఒడ్డునే ఇద్దరూ నేస్తం కట్టుకున్నారు.

చెబుతూంటే నాకే కళ్ళు చెమర్చాయి. ఒక ముసలమ్మ ముక్కు చీదింది. పని అయిపోయిందనుకున్నాను.

"బాగుంది," అన్నాడు మసేను తాత. "ఎల్లాజీ తాత నాకు బాగా తెల్సు. ఆడికి నీళ్ళంటే బయం. సచ్చీదాకా మేకలు కాసుకునీవోడు. తెప్ప మాటెరగడు."

ఒడ్డంతా గొల్లుమంది. ఇందాక ముక్కు చీదిన ముసలమ్మే అందరికంటే గట్టిగా నవ్వింది. మంచం మీద ఎల్లాజీ కూడా ఆపుకోలేకపోయాడు, కాలు కదిలి "అమ్మా" అని మూలిగి, మళ్ళీ నవ్వాడు. నా అబద్ధాలన్నిటిలోకీ బాగా కుదిరింది మేకల దగ్గర కూలిపోయింది.

నవ్వనిది నూకాలొక్కతే. "తాతలకి లేకపోతే మనవలకి ఉండకూడదేటి?" అంది. "ఇపుడు కట్టుకుంటారు. ఏటి మావా?"

ఎల్లాజీ నన్ను ఎగాదిగా చూశాడు. లైఫ్ జాకెట్, తడిసిన ప్యాంటు, పసుపు పూసిన మోచేయి. "పులుసులో బెల్లమేత్తాడు," అన్నాడు.

"అది తరవాత మాన్పిద్దాం."

"అయితే కట్టుకుంటాను."

దానయ్య ఊరుకుంటాడా. "అదెలాగవుతాది? చేప ముందు పడింది. నేస్తం తరవాత. పడినపుడు ఈ బాబు పరాయోడే కదా!"

న్యాయమైన మాట. అందరూ తాత వైపు చూశారు. తాత లేచి, పసుపు పడవ దగ్గరికి వచ్చి, సూరిబాబుని పక్కకి జరగమని, చేప మీదికి వంగాడు. పడవ అడుగున నిలిచిన నీళ్ళలో పండుగప్ప మొప్పలు మెల్లగా తెరిచి మూసుకుంటున్నాయి.

"బతికే ఉంది," అన్నాడు. "కత్తి పడీదాకా చేప ఏటితల్లిది. ఎవులూ తీసినట్టు కాదు. అది పోయీలోగా నేస్తం కడితే సెల్లుతాది. పోతే సెల్లదు."

చేప ఊపిరి

ఆ తరవాత జరిగినంత హడావుడి నేను మా పెద్దమ్మాయి పెళ్ళిలో కూడా చూడలేదు. తాంబూలం కోసం ఇద్దరు ఊళ్ళోకి పరుగెత్తారు. సూరిబాబు నా టోపీతో ఏట్లోంచి నీళ్ళు తెచ్చి చేప మీద పోస్తున్నాడు. దానయ్య పక్కన గొంతుకూర్చుని చేప కళ్ళలోకి చూస్తూ ఎదురుచూస్తున్నాడు.

"నీ నీడ అడ్డు తియ్యి దానయ్యా," అన్నాడు సూరిబాబు.

"నా నీడ నా ఇష్టం. దానికి సల్లగా ఉంటాది."

"సల్లగా ఉండాలనేనా?"

"అయినా మాస్టారూ, తల మీద పొయ్యకు, మొప్పల్లో పొయ్యి," అన్నాడు దానయ్య, ఉండబట్టలేక. చేపలవాడు కదా. చేప తప్పుగా చావడం వాడు కూడా చూడలేడు.

కొత్తబట్ట కావాలన్నారు. ఎల్లాజీ దగ్గర చీటీ కూడా ఊడని లుంగీ ఉంది. నా దగ్గర ఏముంది? ఒంటి మీది చొక్కా. మొన్ననే కొన్నదని ఒట్టేశాను, తాత కాలర్ లోపల చూసి నమ్మాడు. విప్పి ఇచ్చాను. తాంబూలం వచ్చింది. నోరు తీపి చెయ్యడానికి తీపి కావాలన్నారు. అనకాపల్లి బెల్లం వ్యాపారిని, మూడు తరాల కొట్టు, ఆ క్షణాన నా దగ్గర ఆవగింజంత బెల్లం లేదు. ఊరంతా నా వైపు చూసింది. చివరికి కిరాణా కొట్లోంచి రూపాయి చాక్లెట్లు రెండు తెచ్చారు.

"బావా, మొప్పలు ఆగి ఆగి ఆడతన్నాయి!" అని సూరిబాబు కేక.

ఎల్లాజీ నోట్లో నేను చాక్లెట్టు పెట్టాను, నా నోట్లో ఎల్లాజీ పెట్టాడు. కాగితం తియ్యడం ఇద్దరం మర్చిపోయాం. "ఈ రోజు మొదలు నీ కట్టం నాది, నా కట్టం నీది, నేస్తమా," అని తాత చెబుతూంటే కాగితాలు నములుతూ అన్నాం. నాకు పెళ్ళినాటి మంత్రాలు గుర్తు లేవు. ఇవి గుర్తున్నాయి.

తాత చెయ్యెత్తాడు. అందరూ పడవకేసి తిరిగారు. దానయ్య చేప మీద చెయ్యి ఆనించి ఉన్నాడు. వాడు "పోయింది" అంటే కాదనేవాడు లేడు. సూరిబాబుకి చేపల సంగతి తెలియదు.

దానయ్య చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

"ఉంది," అన్నాడు చివరికి, విసుగ్గా. "ఇంకా ఉంది. కత్తియ్యండి, ఎంతసేపు సావగొడతారు దాన్ని."

కత్తి నూకాలు వేసింది.

పులుసు, షరతు

మధ్యాహ్నం ఆ అరుగు మీదే తిన్నాం. చింతపండు పులుసు, మామిడికాయ ముక్కలు, తల నేస్తానికన్నారు కనక నా కంచంలోకి తల వచ్చింది. నన్నే చూస్తూ ఉంది. తోక వైపు సగం నూకాలే గిన్నెలో పెట్టి దానయ్య ఇంటికి పంపింది. వాడు గిన్నె తిరిగిచ్చే మిషతో వచ్చి, అరుగు కింద నిలబడి, తాతని అందరూ వినేటట్టు అడిగాడు.

"మరి ఈ బాబు మాపటికి కారెక్కి ఎల్లిపోతాడు. పిల్లరు మల్లీ కాళీయే కదా?"

తాత ముల్లు తీసుకుని, నోరు కడుక్కుని అప్పుడు చెప్పాడు. "ఎల్లాజీ కాలు మానీదాకా ఆదివారం ఆదివారం నేస్తమొచ్చి ఏడో పిల్లరు కాడ గేలమెయ్యాలి. చేప పడ్డా పడకపోయినా. ఒక్క ఆదివారం తప్పినా పిల్లరు నీది దానయ్యా." తరవాత నా భుజం తట్టాడు. "అబద్దం బాగా సెప్తావు. ఇలాటోడు మాటకి నిలబడతాడా లేదా అని నాకూ సూడాలనుంది."

ఇంటికొచ్చేసరికి పొద్దు గూకింది. చొక్కా లేని ఒంటి మీద లైఫ్ జాకెట్, నడుముకి చీటీ వేలాడే లుంగీ, చేతిలో ఎండు నెత్తళ్ళ మూట. మా ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. నాలుగు వేసుకోలేదు, పదికి పదీ విన్నది, ఎందుకంటే పక్కన తమ్ముడు తలూపుతున్నాడు.

"పెళ్ళయిన ఇన్నేళ్ళకి నాకు ఆడపడుచు దిగిందేటి?" అంది. మర్నాడు బజారుకెళ్ళి నూకాలుకి చీర కొంది. రంగు బాలేదని నేనంటే, నీకు తెలిసింది గుడ్డలు కట్టడమే కదా అంది.

నాలుగో ఆదివారం

ఇది నాలుగో ఆదివారం వెళ్ళొచ్చి రాస్తున్నాను. సూరిబాబుకి ఇప్పుడు ప్రతి ఆదివారం ఎవరిదో ఒకరి పెళ్ళి ఉంటోంది, అందుకని పడవలో నేనొక్కణ్ణే. తెడ్డు వెయ్యడం వచ్చేసింది. మొదటి వారం చేప పడలేదు. రెండో వారం చెప్పు పడింది. మూడో వారం వేలెడంత గొరక చేప పడితే నూకాలు దాన్ని అరచేతిలో పెట్టుకుని ఊరంతా చూపించింది. ఎల్లాజీ కర్రలు పట్టుకుని ఒడ్డుదాకా వస్తున్నాడు. నేను గేలం విసిరిన ప్రతిసారీ నేస్తాన్ని పేరు పెట్టి పిలవకూడదు కనక పేరు లేకుండానే తిడుతున్నాడు.

ఈ ఆదివారం ఎండ మరీ ఘోరం. వంతెన నీడ, నీళ్ళ చప్పుడు, పొట్టనిండా అంబలి. పిల్లరుకి వీపు ఆనించి కాసేపు కళ్ళు మూసుకున్నాను, అంతే. పైన రెయిలింగు దగ్గర దానయ్య బీడీ కాలుస్తూ నిలబడ్డాడని నాకు తెలుసు. ప్రతి వారం నిలబడతాడు.

"ఓలన్నా!" అని పైనుంచి నూకాలు గొంతు, ఏరంతా మారుమోగేలా. "నిద్దరోతన్నావేటి? ఆడు సూత్తన్నాడు, గేలవన్నా కదుపు!"

కదిపాను.